ఫోనులోని వైద్యము - దింపుకొనుటయా, తెరచి చూచుటయా?

ఇంట మందులపెట్టె నెచ్చట నుంచవలయునో మనకు దెలియును. వైద్యము కొంత సెల్‌ఫోనులోనికి వచ్చిన యీ దినములలో దాని నెట్లుంచుకొనవలయునో గూడ నెఱుగుట యవసరము.

ఫోనున వైద్యసేవ రెండువిధముల లభించుచున్నది. నేటివ్ యాపును ఫోనులోనికి దింపుకొని నిలుపుకొందుము. వెబ్ యాపును బ్రౌజరున తెరచి, పని తీరగానే మూసివేయుదుము. మొదటిది యింటనే యుండు దాది వంటిది. రెండవది పిలిచినపుడు వచ్చు మంత్రసాని వంటిది.

కరోనాకాలమున నీ రెంటిని దేశమంతయు జూచినది. 2020 ఏప్రిల్ 2న వెలువడిన ఆరోగ్యసేతు, దాపుననున్న ఫోనులను బ్లూటూతుచే గుర్తించుటకై యేర్పడినది. ఎల్లవేళల మేలుకొని యుండవలసిన యా పని నేటివ్ యాపునకే తగును. 2021లో టీకాకు పేరు వ్రాయించుకొనుట యట్టిది గాదు. ఎప్పుడో యొకసారి పని గావున కోవిన్ వెబ్‌సైటు చాలెను. ఐనను ఫోనును నెట్‌వర్కును లేనివారి కష్టము తీరలేదు. సుప్రీంకోర్టు 2021 మే 31 నాటి యుత్తరువున నీ యంతరమునే యెత్తిచూపినది.

మచ్చ బొల్లారమున మా యింట నత్తగారికి మధుమేహము. చక్కెర కొలతలు వ్రాయుట కొక నేటివ్ యాపును దింపుకొంటిమి. అది వేళకు గంట మ్రోగించి మాత్రను జ్ఞాపకము చేయును; నెట్‌వర్కు లేకున్నను పాతలెక్క చూపును. మే మెంతయో సంతసించితిమి. ఒకరాత్రి యత్తగారు చెమటలు పట్టి వణకసాగిరి. చక్కెరనీరు త్రాగించగా తేరుకొనిరి. ఉదయమున వైద్యుడు గతమాసపు కొలతలు చూపుమనెను. చూతుము గదా, ఫోనున స్థలము చాలదని మా కుమారుడు ముందునాటి మధ్యాహ్నమే యాపును తొలగించియుండెను! లెక్కలు ఫోనులోనే దాచబడినవి గావున దానితోడనే పోయినవి. మాత్ర తగ్గించుటకు వైద్యునికి మఱల వారము దినముల కొలతలు కావలసివచ్చెను. నాటినుండి మేము పుస్తకమున గూడ వ్రాసికొనుచున్నాము.

కావున మా యభిప్రాయ మిది. నిత్యము కొలతలు, మాత్రలు గలవారికి నేటివ్ యాపు మేలు. కాని లెక్కల ప్రతి వేఱొకచోట నుండునా యని ముందే విచారింపుడు. ఎప్పుడో యొకసారి వైద్యుని సలహా గోరువారికి వెబ్ యాపు చాలును. కేంద్రప్రభుత్వపు ఇ-సంజీవని రెండు రూపములను లభించును. ఇంటిల్లిపాదికి నొకే ఫోనైనచో, స్త్రీలు తమ యారోగ్యవిషయములను వెబ్ యాపున జూచుకొని, లాగౌట్ చేసి మూయుట మంచిది.

యాపు యేదైనను, రోగిని గనిపెట్టు కన్ను మాత్రము మనదే.