షిఫ్ట్ మారేటప్పుడు నాలుగు మాటలు

సెకండ్ షిఫ్ట్ ముగించుకుని గోదావరిఖనిలో ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. ‘డ్యూటీ ఎట్లయింది?’ అని ఇంట్లో అడిగితే ‘ఏముంది’ అని పడుకున్నారు. ఒళ్లు అలిసినా నిద్ర రాదు. మస్టర్ దగ్గర అందరి ముందూ ఓవర్‌మెన్ అన్న మాటే చెవిలో తిరుగుతోంది. మీకిది ఎన్నిసార్లు జరిగింది?

ఇది పిరికితనం కాదు. నలుగురిలో ఒకరిగా ఉండాలనుకోవడం మనిషికి మౌలిక అవసరమని బామైస్టర్, లియరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో వివరించారు. అది తీరకపోతే ఆందోళన, దిగులు చుట్టుముడతాయి.

బొగ్గు గనుల్లో ఈ సంగతి ఇంకా ముందే బయటపడింది. ఇంగ్లండ్ గనులపై ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ 1951లో ఒక అధ్యయనం ప్రచురించారు. బామ్‌ఫోర్త్ ఒకప్పుడు గని కార్మికుడే. పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు కలిసి పని మొత్తం చూసుకునేవారు. లాంగ్‌వాల్ వచ్చాక పని మూడు షిఫ్టులకు ముక్కలైంది. ఒక షిఫ్ట్‌వాళ్లు మరో షిఫ్ట్‌వాళ్లతో మాట్లాడే వీలే లేదు. ఏది చెడినా నెపం ముందు షిఫ్ట్ మీదికే. నాగాలు కూడా ఆ బాధలోంచి పుట్టినవేనని వాళ్లు గమనించారు.

మన దగ్గరా మూడు షిఫ్టులే. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపేవారికైతే షిఫ్టంతా క్యాబిన్‌లో ఒంటరితనమే.

మీరు పని చెప్పే స్థానంలో ఉంటే, ‘ఆ లెవెల్‌కు పో’ అనడంతో ఆపకండి. ‘నిన్న పంపు ఆగింది, నీళ్లు నిలిచాయి, చూసుకుంటూ పో’ అనండి. కాంట్రాక్ట్ కార్మికుడినైనా పేరు పెట్టి పిలవండి. (ఏళ్ల తరబడి ఒకేచోట పనిచేసినా పేరు తెలియనివాళ్లు ఎందరో!) తప్పు చేస్తే పక్కకు పిలిచి చెప్పండి. పదిమందిలో మాట పడ్డవాడు మళ్లీ నోరు విప్పడు. రేపు పైకప్పు చప్పుడు చేసినా, నవ్వుతారేమోనని ఊరుకుంటాడు. అప్పుడు ప్రమాదం ఒక్కడికే కాదు. 1955 నాటి గనుల నియమాలు వందమందికి మించి పనిచేసే గనిలో భద్రతా కమిటీ ఉండాలన్నాయి. అక్కడ కార్మికుడు నోరు తెరవకపోతే ఆ కమిటీ కాగితం మీదే మిగులుతుంది.

మాట పడ్డది మీరైతే, దాన్ని మందు సీసాలో ముంచకండి. నమ్మకమున్న తోటివారితో, ఇంట్లోవారితో చెప్పుకోండి. నైట్ షిఫ్ట్ లేని రోజుల్లోనూ నిద్ర పట్టక, చిరాకు, డ్యూటీ అంటే విముఖత రెండు వారాలు దాటితే డాక్టర్‌ను కలవండి. టెలీ మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.