పశువుల పాకలో రిపేర్లు: మనం చేసుకోదగినవి, మిస్త్రీకి వదలవలసినవి

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యుల పశువుల పాకల్లో అతుకులు వేసిన వైర్లు, ఫ్యూజులో ముతక రాగి తీగలు మాకు కనిపిస్తుంటాయి. ఖర్చు కలిసివస్తుందని సొంతంగా చేసుకున్న పనులివి.

చేతనైన పని చేసుకోవటం మంచిదే. చాఫ్ కట్టరు కత్తులకు పదును పెట్టటం, బోల్టులు బిగించటం, బేరింగులకు గ్రీజు పెట్టటం, బెల్టు మార్చటం ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు తీసి జేబులో వేసుకోవాలి.

మోటారు విప్పటం, స్టార్టరు, వైరింగు, ఎర్తింగు పనులు మాత్రం లైసెన్సు గల ఎలక్ట్రీషియనుకే అప్పగించాలి. కారణమేమంటే, పశువు తడి నేలపై నిలబడుతుంది. దాని ముందు కాళ్ళకు, వెనుక కాళ్ళకు మధ్య దూరం ఎక్కువ. అందువల్ల చెప్పులు తొడుక్కున్న మనిషికి తెలియని కొద్దిపాటి లీకేజీ కూడా దానికి తగులుతుంది. అప్పుడు పశువు నీళ్ళ తొట్టి దగ్గరకు పోవటానికి జంకుతుంది, పితికేటప్పుడు కాళ్ళు ఆడిస్తుంది, పాలు తగ్గిస్తుంది. మనం జబ్బనుకొని మందులు వాడతాము. లీకేజీ పెరిగితే పశువే పోతుంది.

ముతక తీగ వేసిన ఫ్యూజు కరగవలసినప్పుడు కరగదు. కనుక 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపివేసే ఆర్.సి.సి.బి.ని పాకకు విడిగా పెట్టించుకోవాలి. దాని టెస్టు బటను నెలకొకసారి నొక్కి, కరెంటు ఆగుతున్నదో లేదో చూడటం మన పని. ఆగకపోతే వెంటనే ఎలక్ట్రీషియనుకు కబురు చేయాలి.