ఆ తెల్లటి రవ్వ... దేని ఎముక?

మాసబ్ ట్యాంక్‌లో పన్ను ఇంప్లాంట్ కోసం వెళ్లారనుకోండి. ‘దవడ ఎముక అరిగింది, బోన్ గ్రాఫ్ట్ వేయాలి’ అంటారు డాక్టరుగారు. చిన్న సీసాలోని ఆ తెల్లటి రవ్వ చాలాసార్లు ఆవుజాతి పశువుల ఎముకే! కొవ్వు, మాంసకృత్తులు పోయేలా రసాయనాలతోనో, అధిక వేడితోనో శుద్ధి చేస్తే ఖనిజం మిగులుతుంది. దాన్ని స్టెరిలైజ్ చేసి సీల్ వేస్తారు. పందిరి మీద తీగ పాకినట్టు, దాని సన్నటి రంధ్రాల్లోకి మన కణాలు పాకి కొత్త ఎముక కడతాయి. ఇందుకు నెలలు పడుతుంది.

1668లో అచ్చయిన డచ్ సర్జన్ వాన్ మీకెరెన్ పుస్తకంలో ఓ సైనికుడి ఉదంతముంది. పుర్రెకు కుక్క ఎముక అతికించారని చర్చి వెలేసిందట. తీయించుకోబోతే, అప్పటికే అతుక్కుపోయింది!

అందుకే సంతకం పెట్టకముందే అడగండి. నమ్మకం అడ్డొస్తే సొంత ఎముక, కృత్రిమ గ్రాఫ్ట్ కూడా ఉన్నాయి.