మన్యమెక్కిన మద్రాసు పాట

ఆగస్టు 15. పొద్దున్నే సన్నటి జల్లు. అరకు, పాడేరు, చింతపల్లి... ఏ ఊరైనా సరే, బడి ముందు గడకు మైకు కట్టారంటే మొదట వినిపించే నాలుగైదు పాటల్లో అదొకటి ఉండాల్సిందే. జెండా ఇంకా ఎగరదు. పిల్లలు వరసల్లోకి రారు. మాస్టారు చాక్లెట్ల డబ్బా కోసం వెతుక్కుంటూ ఉంటారు. పాట మాత్రం అప్పటికే ఎదుటి కొండకు తగిలి తిరిగొస్తుంటుంది.

'తెలుగు వీర లేవరా'!

'అల్లూరి సీతారామరాజు' సినిమా విడుదలై యాభై ఏళ్లు దాటింది. ఆ సినిమా చూడని పిల్లలకు కూడా ఈ పాట తెలుసు. మన్యం పాట అంటే ఇదే అనుకునేంతగా ఆ కొండలకు అతుక్కుపోయింది. కానీ ఇది కొండల్లో పుట్టింది కాదు. విశాఖపట్నం కవి రాస్తే, తెలుగు సినిమా ఇంకా మద్రాసులో ఉన్న రోజుల్లో తయారైన పాట. చేయి వేసినవాళ్లలో కొందరి పేర్లు మనందరికీ తెలుసు. కొందరివి ఎవరికీ తెలియవు. ఈ కథ ఇద్దరిదీ.

వందో సినిమా

అల్లూరి కథను తెరకెక్కించాలని ఎన్టీఆర్ చాలాకాలం అనుకున్నారు. ఎందుకో ముందుకు సాగలేదు. కృష్ణకు మాత్రం ఆ వేషం 1968లోనే ఒకసారి ఒంటి మీదకు వచ్చింది. 'అసాధ్యుడు' సినిమాలో వచ్చే ఓ ప్రదర్శనలో ఆయన కాసేపు అల్లూరిగా కనిపిస్తారు. దర్శకుడు వి.రామచంద్రరావు. ఆ కాసేపు వేషమే పెరిగి పెద్దదై, కృష్ణ నూరో చిత్రమైంది. దర్శకుడూ ఆయనే. సొంత సంస్థ పద్మాలయా, రచన త్రిపురనేని మహారథి, కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి, సంగీతం పి.ఆదినారాయణరావు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం కూడా ఇదే.

ఇక పాట... శ్రీశ్రీకి వెళ్లింది. ఇంకెవరికి వెళ్తుంది!

పక్క కొండల్లో తుపాకులు మోగినప్పుడు...

శ్రీశ్రీ పుట్టింది, పెరిగింది విశాఖపట్నంలో. 1922 ఆగస్టు 22న రాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు, 26 తుపాకులు. అప్పటికి శ్రీశ్రీకి పన్నెండేళ్లు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపేనాటికి పద్నాలుగు. అంటే తను పెరుగుతున్న ఊరికి పక్కనే ఉన్న కొండల్లో జరిగిన కథ మీద, అరవై దాటాక పాట రాశారన్నమాట. 'మహాప్రస్థానం' కవి కనుక ఉద్రేకం ఎలాగూ ఉంటుంది. అసలు గొప్పతనం లెక్కలో ఉంది.

పాట పేరునే ఒకసారి నెమ్మదిగా పలికి చూడండి. 'తెలుగు'... మూడు మాత్రలు. 'వీర'... దీర్ఘం ఉంది కాబట్టి మళ్లీ మూడే. 'లేవ'... మూడు. చివర 'రా' దగ్గర ఊపిరి ఆగుతుంది. మూడేసి మాత్రల నడక ఇది. సంగీతం వాళ్లు తిశ్రగతి అంటారు. వాద్యం లేకపోయినా, అరచేత్తో బల్ల మీద తట్టినా పాట దానంతటదే నడిచేస్తుంది. చదువు రాని మనిషికైనా, ఒకటో తరగతి పిల్లాడికైనా రెండోసారికి నోటికొచ్చేయడానికి కారణం ఇదే. కష్టమైన సంస్కృత సమాసాలు పాటలో లేకపోలేదు. అవి కూడా ఈ నడకలో పడి కొట్టుకుపోతాయి. అర్థం తెలియకుండానే పిల్లలు వాటిని సరిగ్గా పలికేస్తారు!

ఇంకో సంగతి. 'లేవండి' అనలేదు, 'లేవరా' అన్నారు. 'లేవండి' అంటే మాత్రలు చెడతాయి, అది అలా ఉంచండి. వేదిక మీద నుంచి ఉపన్యసించే నాయకుడు 'అండి' అంటాడు. పక్కన కూర్చుని అదే గంజి తాగే మనిషి 'రా' అంటాడు. ఆ ఒక్క అక్షరంతో రాజు కొండ దిగి గుంపులోకి వచ్చేశాడు.

పాట సగం దాటాక మాట తిరగబడుతుంది. మొదట పిలిచేది నాయకుడు. తెల్లవాడు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చాడు, మన దగ్గర ఏం దోచుకుంటున్నాడు అని నిలదీసి, తరిమికొట్టమంటాడు. తర్వాత నోరు విప్పేది జనం. నువ్వు ఎటు నడిస్తే అటు నడుస్తాం, కష్టమైనా భరిస్తాం అని రాజుకు మాటిస్తారు. పిలుపు, బదులు. ఇది సినిమా పాట కన్నా ఊరి మధ్య జరిగే ఒప్పందంలా ఉంటుంది.

పాటలో లేని అడవి

మెచ్చుకుంటూనే ఒకటి గమనించాలి. ఇంత పెద్ద పాటలో పోడు లేదు!

మన్యం తిరుగుబాటుకు నిప్పు ఎక్కడ అంటుకుందో చూస్తే, ముందు కనిపించేది అడవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలో స్వేచ్ఛగా తిరగడానికి, పోడు కొట్టుకోవడానికి అడ్డుకట్టలు పడ్డాయి. తరతరాలుగా చేసుకుంటున్న సేద్యం నేరమైపోయింది. ఆపైన నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పని. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో గిరిజనుల చేత వెట్టిగా, కూలి సరిగ్గా ఇవ్వకుండా పని చేయించారు. కాదన్నవాళ్లకు దెబ్బలు. మైదానం నుంచి వెళ్లిన రాజు వెంట కొండ జనం కదిలింది ఈ కడుపుమంట మీదే.

పాటలో అడవి, రోడ్డు, కూలి ఏవీ లేవు. దేశం ఉంది, స్వేచ్ఛ ఉంది, తెల్లదొర దోపిడీ ఉంది. పిలుపు కూడా 'తెలుగు' వీరుడికే. అరకు వైపు కొండల్లో ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడి పిల్లలు కూడా జెండా పండగ రోజు ఈ పాటే పాడుతున్నారు.

ఇది శ్రీశ్రీ లోపమని కాదు. పోడు గురించి రాసి ఉంటే పాట చింతపల్లి దగ్గరే ఆగేదేమో. దాన్ని వదిలేశారు కాబట్టే శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, అక్కడి నుంచి అమెరికా తెలుగు సభల దాకా వెళ్లింది. కానీ ఆ ప్రయాణానికి సామాను తగ్గించుకున్నది కొండే. ఆ సంగతి తెలిసి వింటే పాట ఇంకాస్త బరువుగా వినిపిస్తుంది.

మూడు తరాల గొంతులు

ఆదినారాయణరావు అంటే 'సువర్ణసుందరి', 'అనార్కలి'. నటి అంజలీదేవి భర్త. శాస్త్రీయ రాగాల్లో మెత్తటి బాణీలకు పేరు. అలాంటాయన చేతికి శ్రీశ్రీ మూడు మాత్రల కవాతు వచ్చింది. ఆయన దాన్ని పాడింది ఇద్దరు గాయకుల చేత... ఘంటసాల, వి.రామకృష్ణ. వెనక బృందం. 1973లో వచ్చిన 'భక్త తుకారాం'లోనూ ఈ ఇద్దరి గొంతులనూ ఆయన వాడుకున్నారు.

ఘంటసాల పుట్టింది 1922 డిసెంబరులో. అంటే చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగిన ఏడాదే! క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లి వచ్చిన మనిషి కూడా. తెల్లదొర మీద కోపం ఆయనకు కాగితం మీద చూసి తెచ్చుకోవలసింది కాదు. విజయనగరం కుర్రాడు రామకృష్ణ పుట్టింది 1947 ఆగస్టులో, స్వాతంత్ర్యం వచ్చిన నెలలో. తిరుగుబాటు నాటికి బాలుడైన కవి, తిరుగుబాటు ఏడాదిలో పుట్టిన గాయకుడు, స్వరాజ్యంతో పాటు పుట్టిన గాయకుడు. ఎవరూ ఏరికోరి కూర్చింది కాదు, అలా కుదిరింది.

దగ్గు వచ్చినా మొదటికే!

ఇప్పటి పాటల తయారీ తెలిసినవాళ్లకు అప్పటి రికార్డింగ్ వింతగా ఉంటుంది. ఇవాళ గాయని హైదరాబాద్‌లో పాడుతుంది, గాయకుడు చెన్నైలో పాడతాడు, ఫ్లూటు ఇంకెక్కడో వాయిస్తారు. అన్నీ కంప్యూటర్‌లో కలుస్తాయి. 1970ల మద్రాసులో అలా కాదు. వాద్యకారులు, గాయకులు, బృందం... అందరూ ఒకే పూట, ఒకే హాల్లో. అన్ని మైకుల నుంచి వచ్చే శబ్దాన్ని సౌండ్ ఇంజినీరు చెవితోనే తూచి, అప్పటికప్పుడు కలిపి టేపు మీదికి ఎక్కించేవారు. తర్వాత విడదీయడం, ఒక్క గొంతునే సరిచేయడం కుదరదు. చివరి చరణంలో వయొలిన్ తప్పినా, బృందంలో ఒకరికి దగ్గు వచ్చినా పాట మళ్లీ మొదటి నుంచే! అందుకే ముందు రోజుల కొద్దీ రిహార్సల్స్.

బృందం సంగతి మరీ తమాషా. వాళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కో మైకు ఉండదు. ఒకే మైకు చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడాలి. గొంతు పెద్దదైతే రెండడుగులు వెనక్కి, చిన్నదైతే ముందుకి. కొండంత జనం గర్జిస్తున్నట్టు మనకు వినిపించేది ఆ కొద్దిమంది అడుగుల లెక్కే.

ఇంచుమించు ఆ రోజుల్లోనే లండన్‌లో పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్ చేసింది. అబ్బే రోడ్ స్టూడియో, పదహారు ట్రాకుల టేపు, 1972 మధ్య నుంచి 1973 మొదటి దాకా విడతలు విడతలుగా పని. అందులో మాటలే లేని ఓ పాటకు క్లేర్ టోరీ అనే గాయనిని పిలిపించి, ఆలాపన పాడించుకుని, 30 పౌండ్లు చేతిలో పెట్టి పంపించేశారు. ఆల్బమ్ కోట్లలో అమ్ముడుపోయింది. ఆమె కోర్టుకెక్కింది. 2005లో రాజీ కుదిరి, ఆ పాట స్వరకర్తల్లో ఆమె పేరు కూడా చేరింది. ముప్ఫై రెండేళ్ల తర్వాత!

మన పాట వివరాల్లో ఈనాటికీ కనిపించేది ఘంటసాల, రామకృష్ణ, ఆ పక్కన ఒక మాట... 'బృందం'. అంతే.

చింతపల్లిలో ప్లేబ్యాక్

టేపు మీదికెక్కిన పాట ఆ తర్వాత కొండెక్కింది. సినిమాలో చాలా భాగం చింతపల్లి పరిసరాల్లోనే తీశారు. రాజు తిరిగిన నేల అదే. కొండల నడుమ లౌడ్‌స్పీకర్ పెట్టి పాట వేయడం, దానికి కృష్ణ పెదవి కలపడం, చుట్టూ జనం. స్కోప్ తెర అడ్డంగా సాగుతుంది కాబట్టి గుంపు, గుంపు వెనక కొండ వరస, రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. ఈ పాటకు ఆ తెర, ఆ తెరకు ఈ పాట.

సినిమా మాత్రం కన్నీళ్లతోనే పూర్తయింది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశారు. షూటింగ్ ముగియకుండానే దర్శకుడు రామచంద్రరావూ పోయారు. పోరాట దృశ్యాలు కె.ఎస్.ఆర్.దాస్ తీస్తే, తక్కినవి కృష్ణే చూసుకున్నారు. అయినా టైటిల్స్‌లో దర్శకుడి పేరు రామచంద్రరావుదే ఉంచారు. పేరు విషయంలో అలాంటి మర్యాద ఎంత అరుదో సినిమావాళ్లకు బాగా తెలుసు.

1974 మే 1న సినిమా విడుదలైంది. ఘంటసాల తన గొంతుకు జనం వేసిన ఈలలు వినలేదు. ఆ ఏటికి ఉత్తమ గీత రచయితగా జాతీయ పురస్కారం ఈ పాటకే శ్రీశ్రీకి వచ్చింది. 1968లో కణ్ణదాసన్‌తో మొదలైన ఆ అవార్డు తెలుగుకు రావడం అదే తొలిసారి. రెండోసారి 'మాతృదేవోభవ'కు గాను 1993 ఏటికి వేటూరికి వచ్చింది. మధ్యలో 19 ఏళ్లు!

బృందంలో కొన్ని పేర్లు

పాట రెండో సగంలో రాజుకు మాటిచ్చేది కొండ జనం కదా. చరిత్రలో ఆ మాటిచ్చినవాళ్లలో కొందరికి పేర్లున్నాయి. గాం గంటందొర. గాం మల్లుదొర. ఎండు పడాల్. గోకిరి ఎర్రేసు. ముఠాదారీ పోయినవాళ్లు, కూలి ఎగవేతకు గురైనవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు.

గంటందొర తమ్ముడు మల్లుదొర పట్టుబడి ఏళ్ల తరబడి శిక్ష అనుభవించాడు. బయటికొచ్చాడు. 1952లో దేశం మొట్టమొదటిసారి ఓట్లేసినప్పుడు విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. తెల్లదొర మీద విల్లెక్కుపెట్టిన గిరిజనుడు ఢిల్లీలో పార్లమెంటు సభ్యుడై కూర్చున్నాడు! ఇంత కథ ఉన్న మనిషి మీద మన సినిమాల్లో ఒక్క పెద్ద పాటైనా ఉందా అంటే, గుర్తు తెచ్చుకోవడం కష్టమే.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. అరకు, చింతపల్లి, కొయ్యూరు అన్నీ అందులోవే. ఆ జిల్లాలో జెండా పండగకు ఈ పాట మోగినప్పుడు ఘంటసాల గొంతు రాగానే పిల్లలు మౌనంగా ఉంటారు, అది పాడటం అంత సులువు కాదు మరి. బృందం వంతు వచ్చేసరికి మాత్రం మైదానం మైదానమంతా అందుకుంటుంది.