అణు విద్యుత్తా.. అణు బాంబా? అంబాజీపేట కొబ్బరి రాశితో ఇరాన్ లెక్క చూద్దాం

2025 జూన్ 23 రాత్రి గుర్తుంది కదా? ఖతార్‌లో అమెరికా వాడుకుంటున్న అల్ ఉదీద్ స్థావరంపై ఇరాన్ మిసైళ్లు వేసింది. దోహా ఆకాశంలో మెరుపుల వీడియోలు నిమిషాల్లో మన ఫోన్లకు వచ్చేశాయి. ఖతార్‌తో పాటు కువైట్, బహ్రెయిన్, యూఏఈ కూడా కాసేపు విమానాలు ఆపేశాయి. రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు కువైట్‌లోనో దోహాలోనో మనిషి లేని వీధి దొరకడం కష్టం. ఐఎంవో కాల్ కలవకపోతే ఇక్కడ అమ్మకి అన్నం దిగదు.

మర్నాడు కాల్పుల విరమణ వచ్చింది. విమానాలు తిరిగాయి. కానీ గొడవకి మూలమైన ప్రశ్న అలాగే ఉండిపోయింది. మాది కరెంటు కోసం, వైద్యం కోసం అంటోంది ఇరాన్. కాదు, దాని చాటున బాంబు ఉందంటోంది ఇజ్రాయెల్. అసలు బయటి నుంచి చూసి ఎవరైనా చెప్పగలరా?

వెయ్యి కాయల్లో ఏడు

అంబాజీపేట మార్కెట్‌లో వెయ్యి కొబ్బరికాయల రాశి ఊహించుకోండి. చూడ్డానికి అన్నీ ఒకటే. కానీ ఏడు కాయలు మాత్రం మిగతావాటి కంటే రవ్వంత తేలిక. భూమిలోంచి తీసిన యురేనియం కూడా అంతే. వెయ్యి పరమాణువుల్లో పనికొచ్చేవి సుమారు ఏడే. వాటిని యురేనియం-235 అంటారు. శాతంలో చెప్తే 0.7.

ఆ ఏడింటిని ఏరడమే అసలు పని. యురేనియంని గ్యాస్‌గా మార్చి, సెంట్రిఫ్యూజ్ అనే గొట్టాల్లో పోసి విపరీతమైన స్పీడుతో తిప్పుతారు. బరువైనవి అంచుకి పోతాయి, తేలికవి మధ్యలో ఎక్కువగా మిగులుతాయి. ఇలా వేల గొట్టాల గుండా పంపితే శాతం పెరుగుతూ వస్తుంది. వార్తల్లో 'యురేనియం శుద్ధి' అని మేం రాసేది దీని గురించే.

ఇరాన్‌లో ఉన్నలాంటి కరెంటు ప్లాంట్‌కి 3 నుంచి 5 శాతం చాలు. 4 శాతం అనుకుందాం. అంటే మన ఏడు కాయలు ఇప్పుడు 175 కాయల రాశిలో ఉన్నట్టు. 825 పనికిరానివి పక్కకి పోయాయి. 60 శాతానికి వస్తే రాశిలో మిగిలేది 12. బాంబుకి వాడే 90 శాతానికి 8. (లెక్క సులువుగా ఉండాలని ఇలా చెప్తున్నాం. నిజంగా ఏరేటప్పుడు కొన్ని మంచి కాయలు కూడా పోతాయి.)

ఇప్పుడు మళ్లీ చూడండి. కరెంటు దాకా రావడానికి 825 తీశారు. 60 నుంచి 90కి వెళ్లడానికి తీయాల్సినవి నాలుగే నాలుగు! గొట్టం అదే, గ్యాస్ అదే. ఇంకొంచెం సేపు తిప్పడమే తేడా. అందుకే ప్లాంట్ గేటు మీద బోర్డు చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పలేం.

ఇరాన్ ఎక్కడిదాకా వచ్చింది?

తమాషా ఏంటంటే, 1967లో టెహ్రాన్‌కి మొదటి రియాక్టర్ ఇచ్చింది అమెరికానే. 2002లో నతాంజ్‌లో రహస్యంగా కడుతున్న శుద్ధి కేంద్రం బయటపడ్డాకే అనుమానాలు ముదిరాయి. 2015 ఒప్పందంలో 3.67 శాతం దాటను, 300 కిలోలకి మించి దాచను అని ఇరాన్ ఒప్పుకుంది. 2018లో ట్రంప్ ఆ ఒప్పందం నుంచి బయటికొచ్చేశారు. 2021లో ఇరాన్ 60 శాతానికి వెళ్లింది. 2025 మే 17 నాటికి ఆ 60 శాతం సరుకు 408.6 కిలోలు ఉందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ లెక్కకట్టింది. ఇంకాస్త శుద్ధి చేస్తే సుమారు 42 కిలోలతో ఒక బాంబుకి సరిపోతుందని అదే సంస్థ కొలత. అంటే తొమ్మిదికి పైనే.

ఇరాన్‌లో నడుస్తున్న ఒకే ఒక్క అణు విద్యుత్ కేంద్రం బుషెహర్. దానికి ఇంధనం రష్యా పంపిస్తుంది. కాబట్టి 'కరెంటు కోసమే' అన్న మాట 60 శాతానికి అతకదు. ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. అలాగని బాంబు చేసేస్తోంది అని కూడా అనలేం. ఆయుధం కోసం పద్ధతి ప్రకారం పని జరిగింది 2003 ముందే అని ఐఏఈఏ 2015లో తేల్చింది. ఇరాన్ ఇప్పుడు బాంబు తయారు చేయడం లేదని అమెరికా నిఘా సంస్థలే 2025 మార్చిలో అక్కడి పార్లమెంటుకి చెప్పాయి. కావాలనుకున్న రోజు ఆలస్యం కాకుండా సగం దారిలో కూర్చోవడం.. 2025 జూన్ దాకా ఇరాన్ చేసింది అదే అనిపిస్తుంది.

మనం చేసింది మర్చిపోతే ఎలా?

1956లో కెనడా మనకి సైరస్ రియాక్టర్ ఇవ్వడానికి ఒప్పుకుంది. అమెరికా భారజలం ఇచ్చింది. షరతు ఒక్కటే, శాంతియుత అవసరాలకే వాడాలి. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేలిన దాంట్లో ప్లుటోనియం ఆ సైరస్ నుంచి వచ్చిందే. 'శాంతియుత అణు పేలుడు' అన్నాం మనం. కెనడా నమ్మలేదు, అణు సాయం ఆపేసింది. దారి వేరు (మనది ప్లుటోనియం, ఇరాన్‌ది యురేనియం), మాట మాత్రం ఒకటే. ఒక తేడా ఉంది. అణ్వాయుధాలు చేయబోం అనే ఎన్‌పీటీ ఒప్పందంపై మనం సంతకం పెట్టలేదు. ఇరాన్ పెట్టింది. ఇజ్రాయెల్ కూడా పెట్టలేదు. దాని దగ్గర బాంబులున్నాయని లోకమంతా అనుకుంటుంది, అది మాత్రం అవుననదు, కాదనదు.

తర్వాత మనం గీత గీసుకున్నాం. అమెరికాతో అణు ఒప్పందం కోసం 22 రియాక్టర్లలో 14ని తనిఖీలకి తెరిచాం. హైదరాబాద్‌లో రియాక్టర్లకి ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీలో కూడా కొన్ని విభాగాలు ఆ తనిఖీ కిందకి వచ్చాయి. సీళ్లు, కెమెరాలు, కిలోల లెక్క.. గుట్టు తేలేది వాటితోనే.

2025 జులైలో ఇరాన్‌లో లేకుండా పోయినవి అవే. జూన్ 12న ఇరాన్ నిబంధనలు పాటించడం లేదని ఐఏఈఏ బోర్డు తీర్మానించింది. మర్నాడే ఇజ్రాయెల్ దాడులు మొదలుపెట్టింది. 22న ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్‌లపై అమెరికా బాంబులు వేసింది. జులై 2న ఐఏఈఏకి సహకారం ఆపేసింది ఇరాన్. 4న తనిఖీ బృందం వియన్నా వెళ్లిపోయింది. ఆ 408 కిలోలు శిథిలాల కింద ఉన్నాయా, ముందే తరలించారా? చూసి చెప్పే మనిషి అప్పుడు అక్కడ లేడు.

బుషెహర్ మాత్రం గల్ఫ్ ఒడ్డునే ఉంది. కువైట్ సిటీకి 300 కిలోమీటర్ల లోపే. కువైట్‌లో మనవాళ్లు తాగే నీళ్లు దాదాపు అన్నీ ఆ సముద్రంలోంచి తీసి ఉప్పు వేరుచేసినవే. అందుకే బుషెహర్ మీద దాడి జరిగితే పరిణామాలు అన్నిటికంటే తీవ్రంగా ఉంటాయని ఐఏఈఏ అధిపతి గ్రోసీ జూన్ 20న భద్రతా మండలిలో హెచ్చరించారు. జూన్ దాడుల్లో ఆ రియాక్టర్‌కి దెబ్బ తగల్లేదు.