పెన్న ఒడ్డు మనిషి, ఆండీస్ కొండ

ప్రపంచంలో ఎత్తైన కొండ ఏదంటే అందరూ ఎవరెస్టు అంటారు. ఆసియా బయట ఎత్తైనది ఏదంటే మాత్రం మన బి.ఎస్సీ. క్లాసులో సగంమంది తల గోక్కుంటారు. అది దక్షిణ అమెరికాలో, అర్జెంటీనా దేశంలోని అకాంకాగ్వా. ఎత్తు 6,961 మీటర్లు, అంటే 22,838 అడుగులు. మా సోమశిల వైపు వాళ్లకు ఎత్తంటే ఉదయగిరి దుర్గమే కొలత. 1513లో ముట్టడికి దిగిన కృష్ణదేవరాయలకే దాన్ని పట్టడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. ఆ దుర్గం ఎత్తు 3,079 అడుగులు. అట్లాంటివి ఏడింటిని ఒకదానిమీద ఒకటి పేర్చినా అకాంకాగ్వా కొన అందదు.

పసిఫిక్ సముద్రం అడుగున ఉన్న నాజ్కా ఫలకం దక్షిణ అమెరికా ఫలకం కిందికి దూరుతున్నది. ఆ ఒత్తిడికి పైకి లేచిన ఖండపు అంచే ఆండీస్.

ఈ కొండ మొదట ఎవరికి లొంగింది? 1883లో గుస్‌ఫెల్ట్ అనే జర్మన్ చాలా పైకి పోయి వెనుదిరిగాడు. 1897లో ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఆంగ్లేయుడు పెద్ద బృందంతో వచ్చాడు. ఖర్చు ఆయనది, పేరు ఆయనది. కాని ఎత్తు పడక జబ్బుచేసి ఆయన కొన చూడనేలేదు. జనవరి 14న ఒంటరిగా పైకి చేరింది ఆయన కూలికి తెచ్చుకున్న స్విస్ మార్గదర్శి జుర్బ్రిగెన్! అంతకు ఎన్నో వందల ఏండ్ల ముందే ఇంకా జనం ఈ కొండమీద తిరిగారు. 1985లో సుమారు 5,300 మీటర్ల ఎత్తున వాళ్లు బలి ఇచ్చిన పిల్లవాడి శవం, చలికి చెడిపోకుండా దొరికింది.

మామూలు దారిలో తాళ్లు కట్టుకుని పాకే పని పెద్దగా లేదు. చంపేది గాలి. పైన కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే గాని, పీడనం ఇక్కడి దాంట్లో సగంకంటె తక్కువ. నీళ్లు 78 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ప్రెషర్ కుక్కర్ లేకపోతే అన్నం ఉడకదు. అందుకే కొంత ఎక్కి, దిగి, ఒంటికి అలవాటు చేసుకుంటూ పోవాలి.

ఇదంతా రాయబూనడానికి కారణం మన జిల్లా మనిషి. సోమశిల నుంచి వదిలిన పెన్న నీళ్లు దిగువన సంగం చేరతాయి. ఆ సంగం మండలం గాంధీ జనసంఘంలో 1974లో పుట్టారు మల్లి మస్తాన్‌బాబు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. ఆ స్కూలు పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయ్‌భాస్కర్‌రావు 1985లో ఎవరెస్టు మీద ప్రాణం విడిచారు. ఆయన విగ్రహమే మస్తాన్‌బాబుకు కొండల పిచ్చి పట్టించిందంటారు. తర్వాత ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి., కలకత్తా ఐ.ఐ.ఎం. ఇంత చదివీ ఉద్యోగంలో కుదురుకోలేదు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. జనవరి 19న అంటార్కిటికాలో మొదలు, ఫిబ్రవరి 17న అకాంకాగ్వా, మే 21న ఎవరెస్టు, జులై 10న అలాస్కాలో ముగింపు. ఏడూ వారంలో ఏడు వేర్వేరు రోజుల్లో పడ్డాయి. కావలిస్తే కాలెండరు తీసి చూడండి.

2015 మార్చి 24న చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని 6,748 మీటర్ల త్రెస్ క్రూసెస్ సూర్ మీదికి ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. అక్కడ వాతావరణం ఒక పూటలో తలకిందులవుతుంది. ఏప్రిల్ మొదట్లో శవం దొరికింది, ఆ నెలలోనే సొంతూరు చేర్చారు.

“అంత చదివి మంచులో చచ్చిపోవడమేంది అబ్బయా?” అంటాడు మా నాయన. “పెన్నకు నీళ్లొస్తాయో రావో తెలియకుండా కయ్యలో నారు పోసేది నువ్వు గాదా?” అన్నాను. “నారు పోతే మళ్లీ పోస్తాను” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒంటరిగా పోకుండా ఉండాల్సింది అనే నేనూ అనుకుంటాను. కాని ఆ చదువు వృథా అయిందని మాత్రం ఒప్పుకోను.

నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. 2019లో అకాంకాగ్వా కూడా ఎక్కింది. ఆ కొండకు అనువైన కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అక్కడ అప్పుడు వేసవి. మాకు సరిగ్గా అప్పుడే వరినాట్లు.