బిల్లింగ్ మిషన్ కొనే ముందు

మన పాఠకుల్లో హోటళ్లు, బేకరీలు, కిరాణా దుకాణాలు, బట్టల షాపులు నడిపేవారు చాలామంది ఉన్నారు. 2016లో యూపీఐ, 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక కార్బన్ బిల్లు పుస్తకం పక్కకు పోయి, కౌంటర్ మీదికి మిషన్ వచ్చింది. కొనబోతే అమ్మేవారు ముందుగా చూపించేది పెద్ద టచ్ స్క్రీన్. కానీ రద్దీ వేళ పని ఆగిపోయేది స్క్రీన్ వల్ల కాదు. ప్రింటరు, వైరు, కరెంటు, ఈ మూడింటి వల్ల.

మా దగ్గరి బంధువు ఒకరు తన హోటల్‌కు సెట్ మొత్తం ఒకేసారి కొన్నారు. రంజాన్ మొదటి వారంలోనే ఇఫ్తార్‌కు ముందు పార్శిల్ కౌంటర్ దగ్గర జనం నిండిపోయారు. వంటగదిలో పొయ్యి పక్కన పెట్టిన ప్రింటర్ నుంచి వచ్చిన ఆర్డర్ చీటీలు వేడికి నల్లబడ్డాయి. వంటవాడికి అక్షరం కనపడలేదు. ఒకరి పార్శిల్ మరొకరికి వెళ్లింది. ఆ సాయంత్రం మళ్లీ పెన్ను, కాగితమే పట్టారు. మిషన్‌లో లోపం లేదు, అది పెట్టిన చోటే తప్పు.

ప్రింటర్

కౌంటర్ బిల్లులకు అందరూ వాడేది థర్మల్ ప్రింటర్. దీనికి ఇంకు, రిబ్బన్ అక్కర్లేదు. వేడి తగిలిన చోట కాగితమే నల్లబడి అక్షరం పడుతుంది. అందుకే వేగం ఎక్కువ, ఖర్చు తక్కువ. అందుకే పొయ్యి దగ్గర అది పనికిరాదు. వంటగదికి రిబ్బన్‌తో నడిచే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మేలు. దాని చప్పుడు కూడా ఉపయోగమే, ఆర్డర్ వచ్చిందని వంటవాడికి తెలుస్తుంది. థర్మలే పెట్టాల్సి వస్తే పొయ్యికి దూరంగా, నూనె ఆవిరి తగలని చోట పెట్టించండి.

కాగితం రోల్ రెండు రకాలు. 58 మిల్లీమీటర్ల రోల్‌ను బజారులో రెండంగుళాలదని, 80 మిల్లీమీటర్ల రోల్‌ను మూడంగుళాలదని అంటారు. మామూలు అక్షరాలతో మొదటిదానిలో వరుసకు సుమారు 32, రెండోదానిలో 48 అక్షరాలు పడతాయి. టీ కొట్టుకు, చిన్న దుకాణానికి మొదటిది చాలు. వస్తువు పేరు, ధర, పన్ను విడివిడిగా చూపించాల్సిన చోట రెండోది తీసుకోండి. రద్దీ ఉండే కౌంటర్‌కు కాగితాన్ని తానే కోసే ప్రింటర్ కావాలి.

బిల్లు తెలుగులో కావాలంటే కొనే ముందే అక్కడే ప్రింట్ తీయించి చూడండి. చాలా ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు. సాఫ్ట్‌వేర్ ఆ బిల్లును బొమ్మగా మార్చి పంపితేనే తెలుగు పడుతుంది.

కౌంటర్‌కు, వంటగదికి మధ్య దూరం ఉంటే యూఎస్‌బీ వైరును నమ్ముకోవద్దు. మామూలు యూఎస్‌బీ వైరు ఐదు మీటర్లు దాటితే సరిగా పనిచేయదు. అలాంటి చోటికి నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకునే ప్రింటర్ కొనాలి.

గల్లా, స్కానర్, కాటా

బిల్లు పడగానే గల్లా పెట్టె దానంతటదే తెరుచుకునేది ప్రింటర్ నుంచి వచ్చే సంకేతంతో. కాబట్టి ప్రింటర్‌కు ఆ పెట్టె వైరు పెట్టే చోటు ఉందో లేదో చూసుకోండి. తాళంచెవితో కూడా తెరవగలగాలి. లేకపోతే ప్రింటర్ చెడిన రోజు చిల్లర బయటికి రాదు.

ప్యాకెట్ సరుకు ఎక్కువగా అమ్మే దుకాణానికి బార్‌కోడ్ స్కానర్ అవసరం. పాత లేజర్ రకం గీతల కోడ్‌ను మాత్రమే చదువుతుంది. క్యూఆర్ కోడ్ కూడా చదవాలంటే టూడీ రకం కొనాలి. హోటల్‌కు స్కానర్‌తో పెద్దగా పని లేదు. పప్పులు, మాంసం, స్వీట్లు తూచి అమ్మేవారికి స్కానర్ కంటే కాటా ముఖ్యం. దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర, గడువు చూడండి.

యూపీఐకి బిల్లు మొత్తంతో సహా క్యూఆర్ చూపే చిన్న తెర ఉంటే, కొనేవారు అంకె తప్పుగా కొట్టే ఇబ్బంది ఉండదు. డబ్బు వచ్చిందో లేదో స్పీకర్ చెప్పే మాటను, మీ ఖాతాను బట్టి నమ్మండి. ఎదుటివారి ఫోన్ తెరను బట్టి కాదు.

కరెంటు, లెక్కలు

ల్యాప్‌టాప్‌కు, ట్యాబ్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది. కౌంటర్ ప్రింటర్‌కు ఉండదు. కరెంటు పోగానే బిల్లు ఆగిపోకూడదంటే ప్రింటర్, నెట్ పెట్టె రెండూ యూపీఎస్ మీద ఉండాలి. ఇంటర్నెట్ లేకపోయినా బిల్లు పడుతుందా అని అడగండి. వైరు తీయించి చూడండి.

వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొంతకాలానికి వెలిసిపోతాయి. మీరు తీసుకున్న కొనుగోలు బిల్లులను ఫోటో తీసి ఉంచుకోండి. మిషన్‌లోని లెక్కల నకలు వారానికోసారి వేరే చోట దాచండి. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారు కొనేవారి నుంచి పన్ను వసూలు చేయకూడదు. వారి కాగితం మీద 'బిల్ ఆఫ్ సప్లై' అని ఉండాలి. మిషన్ పెట్టే రోజే దాన్ని సరిచేయించండి.

డబ్బు కట్టే ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. చెడితే మన ఊళ్లో బాగుచేసేవారు ఉన్నారా? రోల్, రిబ్బన్ దగ్గర్లో దొరుకుతాయా? సాఫ్ట్‌వేర్‌కు ఏటా ఎంత కట్టాలి? రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారితే ఈ పరికరాలు, నా లెక్కలు నాకు మిగులుతాయా? ఈ చివరి ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే ఎంత తక్కువ ధరకు ఇచ్చినా వద్దు.

మీలో చాలామంది ఒక కుర్రవాడికో, భర్తను పోగొట్టుకున్న చెల్లెలికో చిన్న దుకాణం పెట్టిస్తుంటారు. వారికి మిషన్ కొనిచ్చేటప్పుడు దాని ఏడాది ఖర్చు కూడా లెక్క వేయండి. కొట్టు చిన్నదైతే ఒక ఫోను, ఒక క్యూఆర్, బ్యాటరీతో నడిచే రెండంగుళాల ప్రింటర్ చాలు. మిగిలిన డబ్బు సరుకుకు ఇవ్వండి. కౌంటర్ మీద మిషన్ మెరుస్తూ, వెనక అలమారాలు ఖాళీగా ఉంటే ఆ దుకాణం నిలబడదు.